మా మేనత్త విన్న సీరియళ్లు

నిన్న పొద్దున చాయ తాగుతూ ఫోను తెరిస్తే ఒక పాత సీరియల్ ముక్క వచ్చి పడింది. పాత అంటే నలుపు తెలుపు టీవీ కాలం నాటిది అనుకునేరు, కాదు. తెలంగాణ వచ్చిన తర్వాత మొదలై మొన్న మొన్ననే ముగిసిన సీరియలే. దాని మీద ‘ఆ రోజులే వేరు’ అని పసుపుపచ్చ అక్షరాలు, వెనకనుంచి ఏడుపు ఫ్లూటు, కింద వందలకొద్దీ జనం పెట్టిన కన్నీళ్ల బొమ్మలు. ఏ రోజులు వేరయ్యా? ఆ సీరియల్ చూసిన సోఫా ఇంకా మీ ఇంట్లోనే ఉంది, దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా మీరింకా తీసి ఉండరు. అప్పుడే జ్ఞాపకాలట. ఈ జనానికి ఏదీ సరిగ్గా జరగనక్కరలేదు, జరిగి పోతే చాలు, దాన్ని పట్టుకొని గుండెలు బాదుకుంటారు.

మా ఇంట్లోనే ఒక నమూనా ఉంది. మా అబ్బాయికి ముప్పై దాటాయి. చిన్నప్పుడు గల్లీ చివర గంటకు ఇంత అని కిరాయికి ఆడిన వీడియోగేమ్ మళ్లీ మార్కెట్లోకి వచ్చిందని తెప్పించుకున్నాడు. అదే పెట్టె, అవే బొత్తాలు, అదే మీసాల మనిషి ఎగిరి ఎగిరి గోతిలో పడటం. పది నిమిషాలు ఆడాడు, దాంతో ఫోటో దిగాడు, అటక మీద పెట్టాడు. పోయిన నెల నన్ను మా నల్లగొండలోనే ఒక పాత సినిమాకు లాక్కుపోయాడు. కొత్త ప్రింటు వేసి మళ్లీ వదిలారట. ఆ సినిమా మొదటిసారి వచ్చినప్పుడు నేను చూశాను. చూశాను అంటే, ఇంటర్వెల్ దాకా చూసి తర్వాత నిద్రపోయాను. రెండో వారానికే ఎత్తేశారు దాన్ని. ఇప్పుడేమో అది వచ్చేనాటికి పుట్టని పిల్లలు సీట్ల మీదకెక్కి కాగితాలు చించి పోస్తున్నారు, ఫోన్ల లైట్లు వేసి ఊపుతున్నారు, హీరో నోరు తెరవకముందే వాడి డైలాగు వీళ్లు చెప్పేస్తున్నారు. అప్పటి చెత్త ఇప్పుడు గొప్ప సినిమా ఎట్లా అయిందని మావాణ్ణి అడిగాను. “నీకు అర్థం కాదు డాడీ” అన్నాడు. అదేమన్నా ఆవకాయా, జాడీలో ఊరితే రుచి రావడానికి?

సరే, నా కడుపుమంట అట్లా ఉంచండి. నిన్నటి ముక్కను మాత్రం నేను వేలితో పైకి తోసెయ్యలేకపోయాను. అందులో పెద్దకోడలు గుమ్మం పట్టుకొని నిలబడి, “నేను వెళ్లిపోతాను, కానీ దీపం పెట్టి వెళ్తాను” అంటున్నది. మాటలో పస లేదు. ఏ రచయితో అయిదు నిమిషాల్లో గిలికి పడేసిన మాట. కానీ ఆ గొంతు విని నా చేతిలో చాయ చల్లారిపోయింది. కింద జనమంతా ఆ అమ్మాయి కళ్లు చూడండి, ఆ హావభావాలు చూడండి అని రాశారు. ఆ గొంతు ఆ అమ్మాయిది కాదని ఒక్కడూ రాయలేదు. ఆ సంగతి ఈ జిల్లాలో అందరికంటే ముందు కనిపెట్టిన మనిషి మా మేనత్త. కనిపెట్టడానికి కారణం, ఆమె ఏ సీరియలూ చూడలేదు. విన్నది.

మాది నేతగాళ్ల ఇల్లు. నాన్న చదువుకొని మగ్గం దిగాడు, నేను నల్లగొండలో నీటిపారుదల ఆఫీసులో ఫైళ్లు మోశాను. మా మేనత్త మాత్రం మునుగోడు దిక్కున ఉన్న మా ఊళ్లోనే, పదేళ్లప్పుడు దిగిన మగ్గం గుంతలో డెబ్బై దాటేదాకా కాళ్లు పెట్టుకొని కూర్చున్నది. ఆ గుంతను తాతలనాడు కిటికీకి ఎదురుగా తవ్వారు, వెలుతురు కోసం. టీవీ వచ్చేసరికి కరెంటు ప్లగ్గు వెనక గోడకు ఉంది. గుంతను తిప్పలేరు, ప్లగ్గును ఎవరూ తిప్పించలేదు. అందుకని టీవీ ఆమె వీపు వెనక మోగేది, ఆమె పట్టుచీర మీద కళ్లు పెట్టి, పోగు మోసే నాడె విసురుతూ వినేది. చిటికి కట్టి, అంటే పోగులను ముడులు బిగించి, రంగులద్దిన పట్టు అది. పువ్వు పువ్వుతో కలవాలంటే ప్రతి పోగునూ వేలితో జరిపి చూసుకోవాలి, ఒక్కసారి తల తిప్పితే రేకు పక్కకు పోతుంది. మా వాడకట్టులో చాలా ఇళ్లల్లో ఇట్లానే. మొగుడు చచ్చిన సీనుకు ఊరంతా మగ్గాలు నెమ్మదిస్తాయి, ప్రకటనలు రాగానే టకటకమని అందుకుంటాయి. వీధిలో నడిచిపోయేవాడికి ఏ సీరియల్ ఎంతదాకా వచ్చిందో మగ్గాల చప్పుడును బట్టే తెలిసిపోయేది.

మా అత్తకు సీరియళ్లంటే మహా చులకన. చులకన అయితే ఎందుకు పెట్టించుకుంటావంటే, “ఎవరో ఒకరు ఒర్రాలె గదరా, లేకుంటే నిద్రొస్తది” అనేది. ఆమె విమర్శ ముందు పత్రికల్లో రాసే విమర్శకులు దిగదుడుపు. ఒక నటి వెక్కి వెక్కి ఏడుస్తుంటే వెనక్కి తిరగకుండానే, “దీని కండ్లల్ల సుక్క నీళ్లు లేవు. ముక్కు జూడు, పొడిగున్నది” అనేది. పక్కనే కూర్చొని టీవీ చూసే అత్త కోడలు తలెత్తి చూసి నిజమే అత్తమ్మా అనేది. సీరియల్‌లో మామగారు గుండెపోటుతో పడిపోతే, “వీడు సావడు. సచ్చేటోడు గంత మంచిగ దగ్గడు” అని తేల్చేది. వాడు చావలేదు, ఇంకో మూడేళ్లు దగ్గాడు. రాష్ట్రం వచ్చాక టీవీలో మన భాషకు గిరాకీ పెరిగింది కదా, ప్రతి సీరియల్‌లోనూ ఒక పనిమనిషో, ఆటోవాడో, కల్లు తాగే బాబాయో వచ్చి చేరాడు. మాటకు ముందొక ‘గా’, వెనకొక ‘గా’ తగిలించి మాట్లాడేవాళ్లు. మా అత్త నాడె ఆపి మరీ ఉమ్మేసినంత పని చేసింది. “గిది మన మాటనా? మన మాటకు ఏషమేసి ఆడిస్తున్నరు. ఇంతకుముందు రౌడీగాళ్లకు పెడుతుండె, ఇప్పుడు తాగుబోతోళ్లకు పెడుతున్నరు. ఒక్క సదువుకున్నోడు, ఒక్క మంచోడు మన లెక్క మాట్లాడడారా?” అని అడిగింది. మా ఆఫీసులోనే, సార్ వచ్చాడంటే అందరం భాష మార్చేవాళ్లం.

ఇన్ని గొంతుల్లో ఆమె తిట్టని గొంతు ఒక్కటే. ఆరున్నర సీరియల్‌లో పెద్దకోడలి గొంతు. “గీమె ఏడ్వది. ఏడుపు మింగి మాట్లాడ్తది. గట్ల మాట్లాడాల్నంటే మనిషికి అనుభవం ఉండాలె” అనేది. చిత్రమేమిటంటే అదే గొంతు ఏడున్నర సీరియల్‌లో లాయరు భార్యకు, ఎనిమిది గంటల సీరియల్‌లో విధవ అక్కకు కూడా వినిపించేది. మా అత్త లెక్కలో అది ఒకే నటి, పాపం మూడిండ్లల్లో పనిచేస్తున్నది. కోడలు టీవీ చూసే మనిషి కదా, “కాదత్తమ్మా, ముగ్గురు వేరే వేరే పిల్లలు. ఒకామె తెల్లగుంటది, ఒకామె పొట్టిగుంటది” అని మొత్తుకునేది. అత్త వినేది కాదు.

“మొకాలకు రంగేస్తరు, మొకం మారుస్తరు. గొంతుకు రంగేస్తరా? నువ్వు రంగులు జూసి మోసపోతున్నవు” అని కోడలినే కోప్పడేది.

నేను ఆదివారాలు వెళ్లినప్పుడు ఈ పంచాయితీ నా ముందుకు వచ్చేది. నాకు సంగతి తెలుసు. ఆ నటీమణులు పక్క రాష్ట్రాలనుంచి వచ్చినవాళ్లని, తెలుగు రాదని, హైదరాబాద్‌లో ఎవరో ఒకామె గాజుగదిలో నిలబడి ముగ్గురికీ మాట అరువిస్తుందని నాకు తెలుసు. చెప్పలేదు. ఆరోజుల్లో నాకు సినిమా రుచి ఎక్కువ, విదేశీ సినిమాలు పెన్‌డ్రైవుల్లో వేయించుకొని చూసి, వాటి గురించి ఆఫీసు క్యాంటీన్‌లో నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడేవాణ్ణి. అట్లాంటి నేను సీరియల్ గురించి నోరు విప్పితే పరువు పోతుందని, నవ్వి ఊరుకునేవాణ్ణి. నవ్వుకు నాకేమీ ఖర్చు కాలేదు.

అట్లా ఉండగా నల్లగొండలో ఒక కొత్త బట్టల షాపు తెరుస్తున్నారు, పెద్దకోడలు రిబ్బన్ కత్తిరించడానికి వస్తున్నదని బ్యానర్లు కట్టారు. మా అత్త ఫోన్ చేసి నన్ను తీసుకుపొమ్మన్నది. వెళ్లేసరికి గుడ్డసంచిలో ఒక చీర పెట్టుకొని తయారుగా ఉన్నది. షావుకారు ఇచ్చిన పడుగులో ఆఖరి చీరను కూలి వదులుకొని తన కోసం ఉంచుకుందట. బ్యానర్లు కట్టకముందే మొదలుపెట్టి రెండు నెలలు, సీరియల్ వస్తున్నంతసేపే, దాన్ని నేసిందట. ముదురు వంకాయరంగు, అంచుకు చిన్న చిన్న దీపాలు. నాకు తెలిసి ఆమె జీవితంలో తాను నేసిన చీర ఒక్కటి కట్టుకోలేదు. కూతురి పెళ్లికి కూడా బజార్లో కొన్న మిల్లు చీరే పెట్టింది. “ఎవలికి అత్తా?” అంటే, “గామెకే. మూడిండ్ల సాకిరి జేసే మనిషికి ఒక్క మంచి చీర గట్టుకోబుద్ధి గాదా?” అన్నది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను బండి స్టార్టు చేశాను.

ఆ షాపు ముందర జాతర. రోడ్డుకు అటూ ఇటూ ఆటోలు ఆగిపోయాయి, నల్లచొక్కాల మనుషులు జనాన్ని తోసేస్తున్నారు, మా వయసువాళ్లు సైతం పక్కవాడి భుజాలెక్కి ఫోన్లు చాపుతున్నారు. ఒక పిల్ల కారు దిగింది. నిజంగానే చక్కగా ఉంది. మైకు అందుకొని, సన్నటి గొంతుతో, నవ్వుతూ, కన్నడం కలిపి, “హాయ్ నల్గొండా! మీరు అందరు బాగ ఉన్నార? నాకు మీరు అంటే తుంబా ఇష్టం!” అన్నది. జనం ఈలలు. మా అత్త రెండు చేతులతో సంచిని కడుపుకు అదుముకున్నది. ఇంకా రెండు మాటలు విన్నది. తర్వాత నా చొక్కా పట్టి లాగింది.

“పా అల్లుడా, పోదాం. పిల్ల మంచిదే, సల్లగుండాలె. గీమె గాదు.”

బస్టాండు దగ్గర హోటల్లో కూర్చోబెట్టి చాయ చెప్పి, అప్పుడు విప్పాను సంగతి. ఆమె కుంగిపోతుందనుకున్నాను. అసలు కుంగలేదు. సాసర్లో పోసుకున్న చాయ పక్కన పెట్టి, ఒక్కో ప్రశ్న అడిగింది. ఆమె ఎక్కడ నిలబడుతుంది, కూర్చొనియ్యరా, ఎదురుగా ఏముంటుంది, రోజుకు ఎంతసేపు, పేరు ఎక్కడ వేస్తారు. పేరు ఆఖర్న వేస్తారు, ఎవరూ చదవలేనంత వేగంగా ఉరుకుతుంది అన్నాను. మా అత్త ముఖం వెలిగిపోయింది.

“కూలిమనిషన్నట్టు. మన లెక్కనే” అన్నది. “నేన్జెప్తలేనా, గొంతు ఒక్కటే అని? ఇంటికి పోయి నా కోడలికి జెప్త.” తర్వాత సంచి నా ఒళ్లో పెట్టింది. “గామెకే ఇయ్యి. నీకు హైద్రబాద్ టీవీల ఎవలో దోస్తున్నడంటివి గదా?”

ఉన్నాడు. ఆ సంగతి నేనే ఇంటింటికీ చెప్పుకొని తిరిగాను. నాతో డిగ్రీ చదివినవాడు ఆ చానల్లోనే మంచి హోదాలో ఉన్నాడు. ఒక్క ఫోను చేస్తే చాలు. కానీ ఏమని చెయ్యను? మంచి సినిమాల గురించి ఇద్దరం గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు, ‘మా మేనత్త మీ సీరియల్‌లో డబ్బింగ్ ఆమెకు చీర పంపింది’ అని చెప్పాలా? వాడు నవ్వుతాడు. నవ్వి నలుగురికి చెప్తాడు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ సంచిని బీరువాలో పెట్టాను. మూడు వారాలకు అత్త ఫోన్ చేసి, “ఇచ్చినవా?” అన్నది.

“ఇచ్చిన అత్తా.”

“ఏమన్నది?”

“మస్తు సంబురపడ్డది. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.”

“ఊఁ, సరే తియ్” అని పెట్టేసింది. గండం గడిచిందనుకున్నాను. ఇంకా సిగ్గులేని సంగతి చెప్పమంటారా, నా అబద్ధం నాకే నచ్చింది. కన్నీళ్లు పెట్టించడం బాగా కుదిరిందనుకున్నాను. సీరియళ్లు రాసేవాళ్లను అన్ని మాటలన్నవాణ్ణి, వాళ్లు రాసే మాటే నేనూ చెప్పాను.

ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున్నే అత్త ఫోను. “గొంతు మారింది” అన్నది. నిన్న ఆరున్నరకు పెద్దకోడలు వేరే గొంతుతో మాట్లాడిందట. సరే అనుకుంటే ఏడున్నరకు, ఎనిమిదింటికి కూడా మారిందట. ఇంట్లో కోడలికి తెలియలేదు, వాడకట్టులో ఎవరికీ తెలియలేదు. తెర మీద మొహాలు అవే కదా. “ఒక్క తాన మారితే ఆల్లకు ఆల్లకు పడలేదనుకుందు. మూడు తాన్ల ఒక్కపారి మారింది. ఆమెకేదో అయ్యింది. చీర ఇచ్చినవు గదా, ఇల్లెరుకే గదా, జర పోయి చూసిరా అల్లుడా.”

అప్పుడు చేశాను ఆ ఫోను. నా స్నేహితుడు నవ్వనే లేదు. అరగంటలో కనుక్కొని చెప్పాడు. ఆమెకు గొంతులో ఏదో జబ్బు, మాట్లాడకూడదన్నారట డాక్టర్లు, ఉన్న గది ఖాళీ చేసి సొంతూరికి వెళ్లిపోయింది. ఏ ఊరు? తెలియదు. నంబరు? ఆమెను పనికి పిలిచే మనిషి దగ్గర ఉండేది, ఆ మనిషి పని మానేశాడు. “భలే గొంతురా ఆమెది, పోయిన నెల దాకా మా ఆఫీసు కింది అంతస్తులోనే డబ్బింగ్ చెప్పేది. అప్పుడు చెప్పినా కలిపించేవాణ్ణి కదా” అన్నాడు.

సంచి తీసుకొని ఊరికి వెళ్లాను. అత్త గుంతలోనే ఉన్నది. పక్కన గట్టు మీద కూర్చొని, మొత్తం చెప్పాను. అత్త ఆశ్చర్యపోలేదు, నాడె మాత్రం ఆపింది.

“గాదినమే ఎరుకరా నాకు” అన్నది.

“ఎట్ల అత్తా?”

“కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నదంటివి సూడు. గప్పుడు నీ గొంతు సీరియల్ గొంతాయె.”

“మరి అప్పుడే ఎందుకు తిట్టలేదు?”

ఆమె నా దిక్కు తిరిగింది. మగ్గం మీద ఉన్నప్పుడు ఆమె ఎవరి దిక్కూ తిరగదు. “ఇయ్యాల గాకపోతే రేపన్న ఇస్తవనుకున్న. సదువుకున్న పిలగానివి, నీకు నువ్వే సిగ్గువడి ఇస్తవనుకున్న. ఏడాది సూసిన” అన్నది. గొంతు పెంచలేదు. లోకంలోని నటులందరినీ కడిగేసిన మనిషి నన్ను ఒక్క మాట తిట్టలేదు, తిట్టడానికి కూడా పనికిరానివాణ్ణి అయ్యాను. సంచి తిరిగి ఇవ్వబోతే ముట్టుకోలేదు. “ఇచ్చింది వాపస్ తీసుకుంటనా? గామెకిచ్చిన. నీ తాన్నే ఉండనియ్” అని, కోడలిని పిలిచి టీవీ బంద్ చెయ్యమన్నది.

ఆ తర్వాత ఆమె ఇంకో నాలుగేళ్లు నేసింది, మోకాళ్లు మొరాయించేదాకా. ఆ ఇంట్లో టీవీ మళ్లీ మోగింది, కోడలి కోసం. నేను వెళ్తే ఇప్పటికీ అన్నం పెడుతుంది, పిల్లల బాగోగులు అడుగుతుంది. నా సినిమా కబుర్లు మాత్రం నేనే మానేశాను. ఆ చానల్ స్నేహితుడి ద్వారా ఇద్దరు ముగ్గురిని అడిగించాను, ఒక ఊరి పేరు దొరికితే అక్కడికి కూడా వెళ్లాను. ఆమె కాదు, ఇంకెవరో.

చీర నా బీరువాలోనే ఉంది. పట్టు ఒకే మడత మీద ఎక్కువకాలం ఉంటే ఆ మడత దగ్గరే చిట్లుతుంది, అందుకని ఆర్నెల్లకోసారి తీసి మడత మారుస్తాను. ఆ పని మా ఆవిడను చెయ్యనివ్వను. ఆ ఫోనుకు ఆనాడు కావలసింది పది నిమిషాలు, పరువుకు జడిసి రేపు, ఎల్లుండి అన్నాను. ఇప్పుడు రిటైరై కూర్చున్నాను, పొద్దంతా నాదే, ఆ పది నిమిషాలు మాత్రం ఎందులోనూ దొరకవు.